మీకు తెలుసా? సిర్సీ అంటే పందులే కాదు

గ్రీకు పురాణాల్లోని మంత్రగత్తె సిర్సీ పేరెత్తితే అందరికీ పందులే గుర్తొస్తాయి. సూర్యదేవుడు హీలియస్ కూతురామె. జున్ను, బార్లీ పిండి, తేనె, ద్రాక్షసారాయి కలిపిన పానీయంలో మందు పెట్టి గ్రీకు వీరుడు ఒడిస్సియస్ నావికులకు ఇచ్చింది, బెత్తంతో తాకింది. వాళ్లు పందులైపోయారు, ఒళ్లంతా పంది వెంట్రుకలు మొలిచాయి. మనసు మాత్రం మనిషిదే.

కథను అక్కడ ఆపేయడం ఆమెకు అన్యాయం. హోమర్ ‘ఒడిస్సీ’ 10వ భాగంలోనే ఆమె లేపనం పూసి వాళ్లను మళ్లీ మనుషుల్ని చేస్తుంది, అదీ మునుపటికంటే పడుచుగా, పొడుగ్గా, అందంగా! ఏడాదిపాటు ఆతిథ్యమిచ్చింది. మృతుల లోకానికి దారి చెప్పింది. పాటతో నావికుల్ని మృత్యువులోకి లాగే సైరెన్ల గొంతు వినపడకుండా నావికుల చెవుల్లో మైనం పెట్టమన్నదీ ఆమే. వనదేవత స్కిల్లాను రాక్షసిగా, పైకస్ రాజును వడ్రంగిపిట్టగా మార్చిన అసూయాపరురాలిగా ఆమెను చూపింది రోమన్ కవి ఓవిడ్.

సిర్సీ మందుకు విరుగుడుగా దేవతల దూత హెర్మీస్ ఒడిస్సియస్‌కు ఇచ్చిన మొక్క ‘మోలీ’: నల్లటి వేరు, పాలలాంటి పువ్వు. అది స్నోడ్రాప్ మొక్కేనని 1983లో ఇద్దరు న్యూరాలజిస్టులు ప్రతిపాదించారు. సిర్సీ మందు ఉమ్మెత్త జాతిదై ఉంటుందని వాళ్ల ఊహ; ఆ విషాన్ని విరిచే గలాంటమైన్ స్నోడ్రాప్‌లో ఉంటుంది. ఇప్పుడు ఆ గలాంటమైన్‌నే అల్జీమర్స్ రోగులకు ఇస్తున్నారు.