పదిహేనేళ్ల గడువు

సావనీరుకి ఏదైనా రాసివ్వమని యూనియన్ వాళ్లు అడిగితే పాత కాలేజీ కబుర్లు రాద్దామనే కూర్చున్నాను. కలం మాత్రం మా పెద్దమ్మ దగ్గరే ఆగిపోయింది. ముట్లుడిగిన ఆరేళ్లకు మళ్లీ రక్తం కనబడితే, ఎవరితోనూ చెప్పుకోలేక ఏడాది దాచుకుందావిడ. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి గర్భాశయ ముఖద్వార కాన్సర్ ముదిరిపోయింది.

తర్వాత దీని గురించి చదివాను. చదివినకొద్దీ దుఃఖం కంటే కోపమే ఎక్కువైంది. దీనికి మూలం హెచ్.పి.వి. అనే వైరస్. లైంగిక జీవితం మొదలైనవారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, చాలావరకు దానంతటదే పోతుంది. కొందరిలో మాత్రం తిష్ఠ వేసి, కణాలను మెల్లగా మార్చి, కాన్సర్‌గా తేలడానికి సాధారణంగా 15, 20 ఏళ్లు తీసుకుంటుంది. ఇంత గడువిచ్చే దొంగ ఇంకెక్కడైనా ఉంటాడా?

దొంగను పట్టే పాప్ స్మియర్ పరీక్ష 1940ల నుంచీ ఉంది. టీకా 2006లో వచ్చింది. ఆస్ట్రేలియా 2007లోనే బడిపిల్లలకు ఉచితంగా వేయడం మొదలెట్టింది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో ఈ జబ్బుతో పోయిన స్త్రీలు సుమారు 3,50,000 మంది. వారిలో 94 శాతం పేద, మధ్యస్థ ఆదాయ దేశాలవారే.

అంతా డబ్బులేమి వల్లే అందామా? రువాండా ధనిక దేశమేం కాదు, 2011లోనే దేశమంతటా బాలికలకు టీకా మొదలెట్టింది. మన ముంబాయి బస్తీల్లో, కొన్ని వారాల శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు పలుచని వెనిగర్ లాంటి ద్రవం పూసి, తెల్లబడిన చోటు కనిపెట్టే పరీక్ష చేశారు. ఆ పరీక్ష వల్ల మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో తేల్చారు.

డబ్బు, మందు రెండూ ఉన్నా నమ్మకం పోతే ఏమవుతుందో ఖమ్మం జిల్లా చూపించింది. 2009లో అక్కడ వేలమంది బాలికలకు ప్రయోగాత్మకంగా ఈ టీకా వేశారు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లే పెట్టేశారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో కార్యక్రమం ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణలో తేలినా, అడగకుండా సూది వేశారన్న మాట జనంలో మిగిలిపోయింది. వాళ్లను తప్పుపట్టలేను.

మొన్న వేసవిలో పెద్దమ్మ కూతుర్ని, మా అక్కని, పరీక్షకు తీసుకెళ్లాను. వెళ్లేముందు మూడు వారాలు వాయిదాలు వేసింది. లోపల పది నిమిషాలు కూడా పట్టలేదు. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ, “ఇంతేనటే?” అంది.