బావ అడిగిన రెండెకరాల మాట

పోయిన దసరాకు ఊరికి వెళ్లినప్పుడు మా బావ నన్ను పత్తిచేను దగ్గరికి తీసుకెళ్లాడు. సూర్యాపేట నుంచి నెమ్మికల్ మీదుగా పోతే వస్తుంది మా ఊరు. మండలం ఆత్మకూర్ (ఎస్). ఆత్మకూర్లు చాలా ఉన్నాయి కాబట్టి మాదానికి సూర్యాపేట గుర్తుగా ఆ ‘ఎస్’ తగిలించారు. గట్టు మీద కూర్చున్నాక బావ అసలు సంగతి కదిలించాడు.

“బామ్మర్దీ, ముప్పై ఏండ్ల సంది నువ్వు గా ఆటలనే ఉంటివి. పోరడు మంచిగ ఆడుతుండని అందరంటున్నరు. ఈ రెండెకరాలు అమ్మి ఆడించమంటవా, వద్దంటవా? నువ్వు ఏదంటే గదే.”

పోరడంటే నా మేనల్లుడు. పదిహేనేళ్లు. బావ హయత్‌నగర్‌లో టిఫిన్ సెంటర్ నడుపుతాడు. పొద్దున నాలుగింటికి పిండి రుబ్బి, ఐదున్నరకు కొడుకును బండి మీద టెన్నిస్ కోర్టు దగ్గర దించి, మళ్లీ వచ్చి పెనం పెడతాడు. అలాంటి మనిషి అడిగితే అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. తర్వాత ఫోన్లలో, ఇంటి దగ్గర, ఆయనకు విడతలు విడతలుగా చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. టెన్నిస్ ఆడే పిల్లలున్న ఇంకో ఇంటికి కూడా పనికొస్తుందేమోనని.

నేను ఆటగాణ్ని కాను. పంతొమ్మిది వందల తొంభైలలో హైదరాబాద్ వచ్చి ఒక కోర్టులో బంతులు ఏరే పనికి కుదిరాను. తర్వాత మార్కర్‌నయ్యాను. అంటే జోడీ దొరకనివాళ్లకు ఎదురు నిలబడి ఆడిపెట్టేవాణ్ని. మోకాళ్లు మొరాయించాక గట్టింగ్ నేర్చుకున్నాను. రాకెట్‌కు తీగలు అల్లే పనిని మేం గట్టింగే అంటాం. ఇప్పుడొచ్చే రాకెట్లలో చాలావాటికి నిలువు తీగలు 16, అడ్డం తీగలు 19. పిల్లవాడు చెప్పిన బిగువుకు, యాభై పౌన్లో యాభై అయిదో, మెషిన్ మీద ఒక్కొక్కటే లాగి ముడి వేయాలి. గట్టిగా కొట్టే కుర్రాడు వారానికి రెండు మూడు సార్లు తెంపుకొస్తాడు. తీగ ఎక్కడ తెగిందో చూస్తే ఆ పిల్లవాడి ఆట నాకు సగం తెలిసిపోతుంది. నడిమధ్యన అరిగి తెగితే బంతి తగలాల్సిన చోటే తగులుతున్నట్టు. చట్రం అంచున తెగిందంటే బంతి దగ్గరికి ఆలస్యంగా చేరుతున్నాడు, లేదా భయపడుతున్నాడు. మా అల్లుడి తీగలు నడిమధ్యనే తెగుతాయి. వాడిలో ఆట ఉంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ బావ అడిగింది వాడిలో ఆట ఉందా అని కాదు, భూమి అమ్మాలా అని.

2005 ఫిబ్రవరి 12న హైదరాబాద్ ఓపెన్ ఫైనల్ నాడు నేను స్టాండ్‌లో ఉన్నాను. సానియా మీర్జా మూడు సెట్లు పోరాడి అల్యోనా బొండరెంకోను ఓడించింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు ఆమే. అంతకు రెండేళ్లు కూడా కాలేదు, 2003లో రష్యా అమ్మాయి అలీసా క్లేబనోవాతో కలిసి వింబుల్డన్ జూనియర్ డబుల్స్ గెలిచి వచ్చి. ఫైనల్ అయిన మర్నాటి నుంచే కోర్టుల దగ్గర స్కూటర్ల వరస మొదలైంది. చిన్న చిన్న పిల్లలు, చేతుల్లో పెద్దవాళ్ల రాకెట్లు. జూనియర్ కప్పు గెలిస్తే ఆ మెట్టు మీంచి పై మెట్టుకు ఎక్కడమే తరువాయి అని ఆ తల్లిదండ్రులంతా నమ్మారు. నేనూ నమ్మాను. సానియా సింగిల్స్‌లో 2007లో 27వ ర్యాంకు దాకా వెళ్లింది. మణికట్టు, మోకాళ్లు మాట వినకపోతే డబుల్స్‌కు మళ్లి 2015లో ప్రపంచంలో నంబర్ వన్ అయింది. అంతటి ఆమెకే సింగిల్స్ వదులుకోక తప్పలేదు. మేం మాత్రం కప్పులే చూశాం, ఆ ఒళ్లు పడ్డ కష్టం చూడలేదు.

యూకీ భాంబ్రీ ఢిల్లీ కుర్రాడు. 2009 జనవరిలో, పదహారేళ్ల వయసులో, మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్ జూనియర్ టైటిల్ గెలిచాడు. జూనియర్లలో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. మన దేశంలో రామనాథన్ కృష్ణన్, ఆయన కొడుకు రమేశ్, లియాండర్ పేస్ తర్వాత జూనియర్ గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచింది అతనే. అలాంటివాడు పెద్దల సింగిల్స్‌లో తన అత్యుత్తమ ర్యాంకు, 83, అందుకోవడానికి 2018 ఏప్రిల్ దాకా పట్టింది. తొమ్మిదేళ్లు. మధ్యలో మోచేయి, ఆ తర్వాత మోకాలు. రెండేళ్లకు పైగా ఆటకే దూరమయ్యాడు. తిరిగొచ్చి డబుల్స్ పట్టుకుని 2025లో యూఎస్ ఓపెన్ సెమీఫైనల్ ఆడాడు. అతను ఓడిపోయాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కాకపోతే జూనియర్ నంబర్ వన్ నుంచి అక్కడికి ఎంత దూరమో బావకు తెలియాలని ఈ సంగతి చెప్పాను.

మన దగ్గరే చూడండి. గుంటూరులో పుట్టి హైదరాబాద్‌లో ఆడిన ప్రాంజల యడ్లపల్లి ప్రపంచ జూనియర్లలో తొలి ఇరవైలోకి చేరింది. అప్పుడు సానియా తర్వాత ఇక ఈమేనని పేపర్లలో రాశారు. పెద్దల ఆటలో తొలి మూడు వందల్లోకి వచ్చేసరికి గాయాలు పట్టుకున్నాయి. గాయమంటే జనానికి నొప్పే గుర్తొస్తుంది. టెన్నిస్‌లో దాని వెనక ఇంకో దెబ్బ ఉంటుంది. ర్యాంకు తెచ్చే పాయింట్ల ఆయుష్షు 52 వారాలే. ఆరు నెలలు మంచాన పడితే ఆరు నెలల పాయింట్లు కరిగిపోతాయి. లేచి వచ్చిన మనిషి ర్యాంకుల్లో ఎక్కడో అడుగున మొదలుపెట్టాలి.

పద్దెనిమిది దాటాక అసలు ఏం మారుతుందని బావ అడిగాడు. మారేవి చాలా ఉన్నాయి. జూనియర్లలో ఎదుటివాడు కూడా పిల్లవాడే. ఓపికగా బంతి తిప్పి కొడుతూ ఉంటే వాడే తప్పు చేస్తాడు. పెద్దల టోర్నీ తొలి రౌండ్‌లో నెట్ అవతల ఇరవై ఏడేళ్ల మనిషి ఉంటాడు. కండ ముదిరి ఉంటుంది, సర్వ్ గూబ గుయ్యిమనిపిస్తుంది, అద్దె కట్టడానికి ఆడుతుంటాడు, తనంతట తాను తప్పు చేయడు. జూనియర్లలో గెలిపించిన ఆయుధం ఇక్కడ సరిపోదు. కొత్తది తయారుచేసుకోవాలి, దానికి కొన్నేళ్లు పడుతుంది. ప్రపంచ జూనియర్లలో ఏడాది చివర తొలి 20లో ఉన్నవాళ్లకు చాలెంజర్ అనే పై మెట్టు టోర్నీల్లో చోటిచ్చే ఏర్పాటు ఈమధ్య వచ్చింది. మిగతావాళ్లు అట్టడుగు నుంచి పాకాల్సిందే.

ఆ అట్టడుగు టోర్నీని ఎం15 అంటారు. మొత్తం బహుమతి సొమ్ము 15 వేల డాలర్లు. వినడానికి పెద్దగానే ఉంటుంది. గెలిచినవాడికి వచ్చేది 2,160 డాలర్లు. మెయిన్ డ్రాలో మొదటి రౌండ్‌లో ఓడితే 156. మన లెక్కలో పద్నాలుగు వేలకు అటూ ఇటూ, అందులోంచి పన్ను కూడా పోతుంది. మెయిన్ డ్రాలోకి చేరడానికి ఆడే క్వాలిఫయింగ్‌లోనే ఓడితే రూపాయి రాదు. పాయింట్లు? కప్పు గెలిస్తే 15, తొలి రౌండ్ దాటితే 1, దాటకపోతే సున్నా. గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో నేరుగా అడుగు పెట్టాలంటే ర్యాంకు సుమారు నూరులోపు ఉండాలి. అక్కడ సొమ్ము వేరే లోకం. 2025 వింబుల్డన్‌లో తొలి రౌండ్‌లో ఓడినవాడికి కూడా 66 వేల పౌండ్లు ఇచ్చారు. ఆ నూరు మందికీ కిందివాళ్లకూ మధ్య ఉన్న ఈ అగాధమే పిల్లల్ని మింగుతోంది.

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2013 నాటి లెక్కలు తీసి చూసింది. పోటీల్లో ఆడుతున్న దాదాపు 14 వేల మందిలో సగానికి దగ్గరగా ఒక్క డాలరూ సంపాదించలేదు. ఖర్చూ రాబడీ సరితూగే ర్యాంకు మగవాళ్లలో 336, ఆడవాళ్లలో 253 అని తేలింది. అదీ కోచ్ ఖర్చు కలపకుండా. తొలి పాయింటు వచ్చినప్పటి నుంచి తొలి నూరులోకి చేరడానికి మగవాళ్లకు 2000లో సగటున 3.7 ఏళ్లు పడితే, 2013కు 4.8 ఏళ్లయింది. చేరిన అదృష్టవంతుల లెక్క ఇది. బావకు నేను చెప్పిందీ ఇదే: “అంతా మంచిగ నడిచినా అయిదేండ్లు చేతి నుంచి పెట్టాలె బావా. రెండెకరాలు ఒకటిన్నర ఏడాదికి అయిపోతయ్. మిగిలిన మూడున్నరేండ్లు ఏం అమ్ముతవ్?”

సుమిత్ నాగల్ మాట అందుకే చెప్పాను. 2015లో వింబుల్డన్ జూనియర్ డబుల్స్ గెలిచినవాడు. 2023లో, దేశంలో సింగిల్స్ నంబర్ వన్‌గా ఉండి కూడా, బ్యాంకులో 900 యూరోలే మిగిలాయని బయటికి చెప్పుకున్నాడు. ఆ మాట చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో గట్టింగ్ బాకీలు రాసుకునే నాకు తెలుసు. నాలుగు నెలలకే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ దాటి, 31వ సీడ్ బుబ్లిక్‌ను ఓడించాడు. ఆ తర్వాత 68వ ర్యాంకు దాకా వెళ్లాడు. చేయందించినవాళ్లు ఆ నడుమ కొందరుండబట్టి నిలిచాడు. అందనివాళ్ల పేర్లు మనకు తెలియవు.

నాకు ఒకడు తెలుసు. పేరు రాయను. పన్నెండేళ్లప్పటి నుంచి వాడి రాకెట్లు నేనే కట్టాను. జూనియర్ టోర్నీలు గెలిచి, ఊళ్లో ఫ్లెక్సీలు కూడా కట్టించుకున్నాడు. పద్దెనిమిది నిండాక ట్యునీషియాలోని మొనాస్టిర్ వెళ్లాడు. అక్కడ వారం వారం ఎం15లు జరుగుతాయి. ఒక రాత్రి ఒంటిగంటకు ఫోన్. “అన్నా, ఇక్కడ గాలి బాగుంది, బంతి ఎగిరిపోతోంది, ఎన్ని పౌన్లు పెట్టించాలి?” రెండు పౌన్లు ఎక్కువ పెట్టించమన్నాను. కాసేపు అటు మాట లేదు. “నాలుగు వారాలన్నా. నాలుగు వారాలూ క్వాలిఫయింగే దాటలేదు. ఇంటికి ఫోన్ చేయాలంటే సిగ్గుగా ఉంది. అందుకే నీకు చేసిన.” తీగల సంగతి కాదని అప్పుడు అర్థమైంది. ఆ రాత్రి ఏం చెప్పానో గుర్తు లేదు, వాడు ఏడ్చింది మాత్రం గుర్తుంది. తిరిగొచ్చాక ఎక్కడ కనిపించినా జనం అడిగిన మాట ఒక్కటే, “ఇంకా ఆడుతున్నవా?” ఈ ప్రశ్న వేసేవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. దండ వేసిన రోజున వాడికి పదహారేళ్లు. వాడికి మనుషులు అవసరమైంది ఇరవయ్యో ఏట.

ఉయ్యూరులో పుట్టి విశాఖలో పెరిగిన సాకేత్ మైనేని దారి నాకు చాలా ఇష్టం. పద్దెనిమిదికే టోర్నీల్లో దూకకుండా అమెరికాలో అలబామా యూనివర్సిటీకి వెళ్లాడు. టెన్నిస్ ఆడే పిల్లలకు అక్కడి కాలేజీలు స్కాలర్‌షిప్ ఇస్తాయి. చదువు, కోచ్, తిండి, వారం వారం పోటీ, అన్నీ అక్కడే. పూర్తి స్కాలర్‌షిప్ దొరికితే ఒళ్లు ముదిరే నాలుగేళ్లు ఇంటి డబ్బు తగలబడదు. తిరిగొచ్చి 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. 2016లో, దాదాపు 29వ ఏట, క్వాలిఫయింగ్ దాటి యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాలో అడుగు పెట్టాడు. తొలి రౌండ్‌లో అయిదు సెట్లు ఆడి, కండరాలు పట్టేసినా నిలబడి, చివరికి ఓడిపోయాడు. హైదరాబాద్ అమ్మాయి సహజ యమలపల్లి కూడా అలాగే అమెరికాలో సామ్ హ్యూస్టన్ యూనివర్సిటీకి ఆడి వచ్చింది. 2024లో మాజీ యూఎస్ ఓపెన్ విజేత స్లోన్ స్టీఫెన్స్‌ను ఓడించింది. బ్రిటన్‌కు ఆడే కామెరాన్ నోరీ, అమెరికా కుర్రాడు బెన్ షెల్టన్ కూడా కాలేజీ కోర్టుల నుంచే వచ్చారు. అయితే దీనికి పదో తరగతి మార్కులు కావాలి, ఇంగ్లిష్ రావాలి. మన దగ్గర ఆట కోసం మొదట మాన్పించేది బడినే. ఇది నేను చూసిన తప్పుల్లోకెల్లా పెద్దది.

సంక్రాంతికి బావ మా ఇంటికి వచ్చినప్పుడు చివరి మాట చెప్పాను. “భూమి అమ్మకు బావా. పోరన్ని ఆట మాన్పియ్యకు, బడి మాన్పియ్యకు. పద్దెనిమిది దాకా మన దేశంల దగ్గర్ల ఉన్న టోర్నీలు ఆడనీ. గట్టింగ్ ఖర్చు నాది. మార్కులు తెస్తే కాలేజీకి నేనే దరఖాస్తు పెట్టిస్త.” ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అక్క చాయ్ తెచ్చి పెట్టి, “మరి వాడు చాంపియన్ అయితడా కాదా తమ్మీ?” అని అడిగింది. తెలియదన్నాను. అంతకంటే నిజం నా దగ్గర లేదు.

మొన్న ఆదివారం అల్లుడు రెండు రాకెట్లు పట్టుకుని వచ్చాడు. భుజం కొంచెం లాగుతోందట. “మామా, యాభై అయిదే పెట్టు, కంట్రోల్ ఉంటది” అన్నాడు. వాడి వయసుకు ఆ బిగువు ఎక్కువ. యాభైకే కట్టాను, కట్టిన సంగతి చెప్పాను కూడా. మూతి ముడిచాడు గానీ, పది నిమిషాలు గోడకు కొట్టి చూసి మళ్లీ విప్పమనలేదు. బయట బండి మీద బావ ఎదురుచూస్తున్నాడు. ఈ ఏడు పత్తి మంచిగనే వచ్చిందని, ఇంకో తీత మిగిలి ఉందని చెప్పి, కొడుకును ఎక్కించుకుని వెళ్లిపోయాడు. సోమవారం పొద్దున ఎనిమిదికి వాడి మొదటి రౌండ్.