ఆ నాలుగు ముక్కలూ ఏమయ్యాయి?

ట్యారో అనగానే భవిష్యత్తు చెప్పేవాళ్లే గుర్తొస్తారు. కానీ ఆ ముక్కలు పుట్టింది జోస్యానికి కాదు, పేకాటకి! దాదాపు 570 ఏళ్ల కిందట ఇటలీలో బంగారం పరిచి గీసిన ఓ పేకకి నకళ్లు ఇప్పుడు మార్కెట్లో దొరుకుతున్నాయి. వాటిలో ఏది పాతదో ఏది కొత్తదో తెలుసుకుని చూస్తే ఆ అందమే వేరు.

మనం ఆడే పేకలో ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు ఉన్నట్టే పాత ఇటలీ పేకలోనూ నాలుగు రంగులుండేవి. పానపాత్రలు, నాణేలు, కత్తులు, కర్రలు. ఒక్కో రంగులో పది అంకెల ముక్కలూ, రాజు, రాణి, రౌతు, సేవకుడూ కలిపి 14. మొత్తం 56. పదిహేనో శతాబ్దంలో ఇటలీ వాళ్లు వీటికి మరో 22 బొమ్మల ముక్కల్ని కలిపారు. పిచ్చివాడు, చక్రవర్తి, పోపు, ప్రేమ, మృత్యువు, సూర్యుడు, చంద్రుడు... ఇలా. వీటిలో 21 ముక్కలు మిగతావాటిని కొట్టేస్తాయి. వాటిని 'ట్రియోన్ఫి' అనేవారు, అంటే విజయాలు. ఇంగ్లీషులో 'ట్రంప్' అన్న మాట అక్కణ్నుంచి వచ్చిందే. మన పేకాటలో చెప్పాలంటే... తురుపు ముక్కలు!

ఈ పేక గురించి 1440 సెప్టెంబరులోనే జ్యుస్టో జ్యుస్టి అనే నోటరీ తన డైరీలో రాసుకున్నాడు. రిమిని పాలకుడు సిగిస్మోండో మలాటెస్టా కోసం ఫ్లోరెన్స్‌లో తయారు చేయించాడట. జోస్యం సంగతి ఆ తర్వాత ఎప్పటికో వచ్చింది. ఇవి ప్రాచీన ఈజిప్టు పూజారుల రహస్య గ్రంథమని 1781లో ఫ్రాన్స్ పండితుడు కూర్ ద జెబ్లాఁ ప్రకటించాడు. ఈజిప్టు బొమ్మల లిపిని చదవడం అప్పటికి ఎవరికీ రాదు! తమాషా ఏమిటంటే, ఆ నాలుగు రంగులు మాత్రం నిజంగానే ఈజిప్టు నుంచి వచ్చాయి. పూజారుల దగ్గర్నుంచి కాదు, మధ్యయుగంలో అక్కడ ఏలిన మమ్లూకుల పేకాట నుంచి.

బంగారు పేక

ఇటలీ పాత పేకల్లో అందరూ ముందుగా చెప్పుకునేది విస్కోంటి-స్ఫోర్జా పేక. సైనిక నాయకుడిగా పేరు తెచ్చుకున్న ఫ్రాన్సెస్కో స్ఫోర్జా 1450లో మిలాన్ డ్యూక్ అయ్యాడు. ఆయన భార్య బియాంకా మరియా అంతకుముందు ఏలిన విస్కోంటి వంశపు ఆడపడుచు. ఆ దంపతుల కోసమే బోనిఫాచో బెంబో అనే చిత్రకారుడు వీటిని గీశాడని చాలామంది పండితుల అభిప్రాయం.

ఒక్కో ముక్క ఎత్తు 17 సెంటీమీటర్ల పైనే. మన పేక ముక్కకి దాదాపు రెట్టింపు! బొమ్మల ముక్కల్లో నేపథ్యమంతా బంగారు రేకే. దాని మీద సన్నటి పనిముట్లతో చుక్కలూ గళ్లూ పొడిచారు. ముక్కల మీద పేర్లుండవు, అంకెలుండవు. ఏది దేన్ని కొడుతుందో ఆడేవాళ్లే గుర్తుపెట్టుకోవాలి.

ఆ బొమ్మల్లో అప్పటి ఇటలీయే కనిపిస్తుంది. ఒక కాలికి తాడు కట్టి తలకిందులుగా వేలాడదీసిన యువకుడి ముక్కనే చూడండి. ఇవాళ దానికి ఏవేవో ఆధ్యాత్మిక అర్థాలు చెబుతున్నారు. అప్పటి జనానికి మాత్రం చూడగానే తెలిసిపోయేది... వాడు ద్రోహి అని. ఆ రోజుల్లో ఇటలీ నగరాల్లో ద్రోహుల బొమ్మల్ని అలా తలకిందులుగా గోడల మీద గీయించి పరువు తీసేవారు మరి.

మూడు చోట్ల ఒక పేక

78 ముక్కల్లో మిగిలింది 74. వాటిలో 35 న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీలో, 26 ఇటలీలోని బెర్గామోలో ఉన్న అకాడెమియా కరారాలో ఉన్నాయి. మిగతా 13 అదే ఊళ్లో ఓ పాత కుటుంబం దగ్గరున్నాయి. ఎప్పుడో అరుదుగా ప్రదర్శన పెడితే తప్ప అన్నిటినీ పక్కపక్కన చూడలేం. ఆ లోటు తీర్చేది నకలే.

మరి దొరకని నాలుగూ? సైతాను, బురుజు, నాణేల రౌతు, మూడు కత్తులు. సైతానుకి భయపడి ఎవరో పారేసి ఉంటారని ఓ కథ ఉంది. దానికి ఆధారాల్లేవు. నిజంగా భయపడే పారేస్తే మూడు కత్తుల ముక్క ఏం పాపం చేసినట్టు?

డబ్బాలో 78 ముక్కలూ ఉండాలి కాబట్టి నకళ్లు వేసేవాళ్లు ఆ నాలుగింటినీ కొత్తగా గీయించుకుంటారు. మూడు కత్తులు తేలికే, పక్కనున్న అంకెల్ని చూసి గీసేయొచ్చు. రౌతుకి మిగతా ముగ్గురు రౌతులూ నమూనా. చిక్కంతా సైతానుతోనే. మిలాన్ డ్యూకుల కోసం చేసిన పేకలు మరికొన్ని మిగిలినా, వాటిలోనూ సైతాను దొరకలేదు. అందుకే ఒక్కో నకలులో సైతాను ఒక్కోలా ఉంటాడు. అతడు పదిహేనో శతాబ్దపు వాడు కాదు, మన కాలపు వాడు!

నకళ్లలోనూ రెండు రకాలున్నాయి. ఒకటి, గీతలూ మరకలూ రాలిన రంగులూ ఉన్నవి ఉన్నట్టే ఫొటో తీసి అచ్చేసేది. కొన్ని ముక్కల పైభాగంలో ఎప్పుడో మేకు దిగిన చిల్లు కూడా అందులో కనిపిస్తుంది. రెండోది, బొమ్మల్ని బాగు చేసి బంగారు రంగు మెరిసేలా వేసేది. ట్యూరిన్‌లోని లో స్కారబేవో సంస్థ అలాంటి మెరుపు పేక తెచ్చింది. మెరుపు కావాలంటే రెండోది, కాలం మిగిల్చిన గుర్తులు కావాలంటే మొదటిది.

నకలే చరిత్రయింది

నకలే కదా అని తీసిపారేయలేం. పదిహేనో శతాబ్దం చివర్లో చేసిన సోలా బుస్కా అనే పేక 78 ముక్కలతో పూర్తిగా మిగిలింది. దాని నలుపు తెలుపు ఫొటోలు 1907లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. రెండేళ్లకి పమేలా కోల్మన్ స్మిత్ ఓ కొత్త పేక గీసింది. ప్రపంచమంతా తెలిసిన ఇవాళ్టి ట్యారో అదే. అందులో గుండెని పొడిచిన మూడు కత్తుల బొమ్మకీ, సోలా బుస్కాలోని బొమ్మకీ పోలిక స్పష్టంగా తెలుస్తుంది. ఆమెకి ఆ దారి చూపించినవి ఫొటోలేనని చరిత్రకారులు భావిస్తారు. అసలు పేకని ఇటలీ ప్రభుత్వం 2009లో కొని మిలాన్‌లోని బ్రెరా మ్యూజియంలో పెట్టింది.

విస్కోంటి-స్ఫోర్జా నకలు ఎప్పుడైనా చేతికొస్తే ఒక పని చేయండి. ముందు ఆ నాలుగు ముక్కల్నీ తీసి పక్కన పెట్టండి. తర్వాత ధైర్యం, మితం, నక్షత్రం, చంద్రుడు, సూర్యుడు, ప్రపంచం... ఈ ఆరింటినీ విడిగా పేర్చండి. వాటిలోని మనుషులు కొండ అంచున నిలబడినట్టుంటారు, ముఖాలూ వేరుగా ఉంటాయి. అవి తర్వాతెప్పుడో మరో చిత్రకారుడు గీసినవి. ఇక చేతిలో మిగిలేవి 68. స్ఫోర్జా దంపతులు చూసిన పేక అదే.