పందెం కోడి ప్రాణానికి చట్టం కట్టిన వెల

కోడి పందేలు నిర్వహించడం, వాటికి చోటివ్వడం, వినోదం కోసం ఒక జంతువును మరొకదానిపైకి ఉసిగొల్పడం దేశమంతటా నేరాలే. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోని 11వ సెక్షన్ వీటిని నిషేధించింది. కానీ మొదటిసారి దొరికినవారికి ఆ సెక్షన్ కింద పడేది 10 నుంచి 50 రూపాయల జరిమానా మాత్రమే. మూడేళ్లలోపు మళ్లీ అదే నేరం చేస్తే 25 నుంచి 100 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. 1982 సవరణలో ఖరారైన ఈ మొత్తాలు నేటికీ మారలేదు.

ఈ శిక్షకూ, పందేల్లో చేతులు మారే సొమ్ముకూ ఎంత దూరముందో రంగారెడ్డి జిల్లాలో తేటతెల్లమైంది. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లోని చాలా గ్రామాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల ఎగువన ఉన్నాయి. నీటి వనరుల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. దాంతో హైదరాబాద్ నగరానికి ఇంత దగ్గరలో ఉన్నా ఇక్కడ తోటలు, ఫాంహౌస్‌లే విస్తరించాయి. 2025 ఫిబ్రవరిలో మొయినాబాద్ మండలం తోల్కట్టలోని ఒక ఫాంహౌస్‌పై సైబరాబాద్ పోలీసులు దాడి చేసి 64 మందిని అదుపులోకి తీసుకున్నారు. సుమారు 30 లక్షల నగదు, 55 కార్లు, 86 పందెం కోళ్లు, 46 కత్తులు పట్టుబడ్డాయి. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో జోరుగా సాగే పందెం, పండగ వెళ్లిపోయాక కూడా హైదరాబాద్ శివార్లలో బరి గీసుకుందన్నమాట.

కత్తి కట్టిన పందెంలో కోడి తప్పించుకునే దారి ఉండదు. కాలికి బిగించిన పదునైన కత్తితో ఎదుటి కోడిని చీల్చాలి, లేదా తానే నేలకూలాలి. గెలిచిన కోడి కూడా తరచూ గాయాలతోనే బరి దాటుతుంది. అయినా ఇలాంటి కేసుల్లో హింస కంటే జూదమే ముందు లెక్కకు వస్తుంది. తోల్కట్ట కేసులో 1974 నాటి గేమింగ్ చట్టం, జంతు హింస నిరోధక చట్టం రెండింటినీ ప్రయోగించారు.

జూదమే ముందుకు రావడానికి కారణం చట్టం అల్లికలోనే ఉంది. పందేలకు స్థలం నడిపేవారిని, ఇచ్చేవారిని పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. కోళ్లను ఉసిగొల్పినవారి విషయంలో జంతు హింస చట్టం ఆ అధికారం ఇవ్వలేదు. పైగా నేరం జరిగిన మూడు నెలల్లోపే ప్రాసిక్యూషన్ మొదలుకావాలి. జూద చట్టాలు మాత్రం కాలంతోపాటు బిగుసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ 2020 సవరణతో జూద గృహం నడిపేవారికి మొదటిసారి ఏడాది, మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు శిక్ష వచ్చింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 112వ సెక్షన్, ముఠాగా సాగించే అక్రమ పందేలకు ఏడాది నుంచి ఏడేళ్ల జైలు నిర్దేశించింది. ఈ శిక్షలన్నీ డబ్బు చుట్టూ తిరిగేవే. సొమ్ము పందెం లేకుండా కోళ్లను కొట్లాడిస్తే అవి వర్తించవు.

న్యాయస్థానాలు ఈ లోటును ఎప్పుడో గుర్తించాయి. జల్లికట్టు కేసులో 2014 మే 7న తీర్పిస్తూ సుప్రీంకోర్టు, 11వ సెక్షన్ శిక్షలు నేరస్థులను భయపెట్టేలా లేవని పేర్కొని, పార్లమెంటు వాటిని సవరించాలని ఆశించింది. 2016 డిసెంబరులో రెండు తెలుగు రాష్ట్రాల ఉమ్మడి హైకోర్టు కోడి పందేలను అరికట్టేందుకు మండల స్థాయిలో సంయుక్త తనిఖీ బృందాలు వేయాలని ఆదేశించింది.

2022 నవంబరులో కేంద్ర పశుసంవర్ధక శాఖ ముసాయిదా సవరణ బిల్లును ప్రజాభిప్రాయానికి ఉంచింది. జంతువుకు శాశ్వత వైకల్యం లేదా మరణం కలిగించగల ఘోరహింసకు 50,000 నుంచి 75,000 రూపాయల జరిమానా, లేదా ఏడాది నుంచి మూడేళ్ల జైలు, లేదా రెండూ అందులో ప్రతిపాదించారు. అది చట్టం కాలేదు.

ఇతర దేశాలు ముందడుగు వేశాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో జంతువుల పోరుకు గరిష్ఠ శిక్ష ఆరు నెలలుండగా, 2021 చట్టం దాన్ని అయిదేళ్లకు పెంచింది. అమెరికా సమాఖ్య చట్టం 2007లో మూడేళ్ల వరకు, 2008లో అయిదేళ్ల వరకు జైలు విధించేలా మారింది. 2014 నుంచి అక్కడ పోరు చూడటానికి వెళ్లడమూ నేరమే. పిల్లలను తీసుకెళితే శిక్ష ఇంకా పెరుగుతుంది.

భారత చట్టంలో జరిమానా పెంచడం మొదటి మెట్టు మాత్రమే. ఉసిగొల్పే నేరంలోనూ వారెంటు లేకుండా చర్య తీసుకునే అధికారం పోలీసులకు రావాలి. మూడు నెలల గడువు సడలాలి. కేసు తేలేవరకు జంతువులను సంరక్షణ సంస్థలకు అప్పగించేందుకు 2017 నిబంధనలు వీలిస్తున్నాయి. పట్టుబడిన కోళ్లకు వాటిని కచ్చితంగా అమలు చేయాలి, లేకపోతే అవి మళ్లీ బరికే చేరే ప్రమాదముంది. డబ్బు పోగొట్టుకునే మనిషికి రక్షణగా నిలిచిన చట్టం, ప్రాణం పోగొట్టుకునే కోడికీ అంతే గట్టిగా నిలబడాలి.