ట్రంకుపెట్టెలోని రంగూన్ కాగితాలు



ఎజ్రా గ్రంథము 2వ అధ్యాయము రాగానే మనలో చాలామంది పుట తిప్పేస్తాం. అన్నీ పేర్లే కదా! నేనూ చాలాకాలం అలాగే చేశాను. కాని 62వ వచనం దగ్గర ఒకసారి ఆగండి. బబులోను చెరనుండి తిరిగివచ్చిన కొన్ని యాజక కుటుంబాలు తమ వంశావళి పత్రాలు వెదికాయి, దొరకలేదు. అందుచేత వారిని యాజకత్వంలోనుండి తీసివేశారు. మనుష్యులు ఇల్లు చేరారు గాని, వారెవరో చూపే కాగితం చేరలేదు.

ఇది యూదులకు మాత్రమే జరిగినదని అనుకోకండి. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ పట్టణ జనంలో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసినవారు, బియ్యపు మిల్లుల్లో పనిచేసినవారు, వీధులు ఊడ్చినవారు – వీరిలో మన తెలుగువారు ఎందరో. కోరంగి రేవు పేరుమీద బర్మాలో వారిని కోరంగీలు అన్నారు. ఎక్కువమంది విశాఖ, గోదావరి ప్రాంతాలవారు. నెల్లూరులో సువార్త చెప్పిన అమెరికన్ బాప్టిస్టు మిషనే బర్మాలోనూ పనిచేసింది. రంగూన్‌లో తెలుగు సంఘాలు ఉండేవి.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌మీద బాంబులు వేశాయి. క్రిస్మస్ దినాన మళ్లీ వచ్చాయి. ఓడల్లో చోటు చాలలేదు. చోటు దొరకని బీదవారు నడిచారు. అరకాను కొండలు దాటి టౌంగప్‌కు కొందరు, టాము మీదుగా మణిపురానికి కొందరు, ఆఖరున బయలుదేరినవారు హుకాంగ్ లోయలో వానల్లో, మోకాలిలోతు బురదలో. నాలుగైదు లక్షలమంది మన దేశం చేరారని అంచనా. కలరాకు, మలేరియాకు, ఆకలికి దారిలో రాలిపోయినవారు వేలకు వేలు. వారి పేర్ల పట్టీ ఎవరూ వ్రాయలేదు. ప్రాణాలతో వచ్చినవారికైనా నెమ్మది దొరికిందా? 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణం, కాకినాడలమీద కూడా బాంబులు పడ్డాయి. మద్రాసు జనం ఊరు విడిచి పోతున్నారు.

మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఉంటే తెరవండి. కుటుంబ బైబిలు మొదటి ఆకులు చూడండి. పిల్లల పుట్టినతేదీల ప్రక్కన రంగూన్ అనిగాని, మౌల్మేను అనిగాని ఉన్నదేమో. ఉత్తరాలుంటే తపాలా ముద్రలనుబట్టి వరుసగా పెట్టండి. 1941 చివర ఆగి, 1942 నడుమ మన ఊరి ముద్రతో మళ్లీ మొదలైతే, ఆ మధ్య నెలల్లో వారు ఏ దారిలో ఉన్నారో ఆలోచించండి.

వరుస సంఖ్య లేకుండా, బి అనే ఇంగ్లీషు అక్షరంతో మొదలయ్యే అక్షరాలు మాత్రమే ఉన్న రూపాయి నోటు దొరికితే, అది జపాను ప్రభుత్వం బర్మాకోసం అచ్చువేసినది. ఆ కుటుంబం నడిచి రాలేదేమో, యుద్ధమంతా అక్కడే ఉండిపోయిందేమో! (సిపాయి ఎవరైనా జ్ఞాపకంగా తెచ్చి ఉండవచ్చు కూడా.) 1945లో ఆ నోట్లు చిత్తుకాగితాలయ్యాయి.

క్యాట్ల నోటైతే సాధారణంగా 1952 తరువాతిది. 1964లో నే విన్ ప్రభుత్వం దుకాణాలను స్వాధీనం చేసుకొని, ఆ మే నెలలోనే 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవని ప్రకటించింది. అప్పుడు మరొకసారి మనవారు ఓడలెక్కి మద్రాసుకు, విశాఖకు వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు అలా వచ్చినదే. చెల్లని ఆ నోటును పారవేయకుండా దాచుకున్నారంటే, ఒక జీవితకాలపు కష్టార్జితానికి వారి దగ్గర మిగిలిన గుర్తు అదొక్కటే కావచ్చు.

1942లో పదేండ్ల పిల్లలుగా నడిచినవారు ఇప్పుడు తొంబై దాటి ఉంటారు. మీ సంఘంలో అటువంటి అవ్వగాని, తాతగాని ఉంటే ఈ ఆదివారం ఆరాధన కాగానే వెళ్లి ప్రక్కన కూర్చోండి. ఫోటోలో ఉన్నది ఎవరో అడిగి, దాని వెనుక పెన్సిలుతో పేరు, ఊరు వ్రాయండి. పెన్ను వద్దు, సిరా కాగితాన్ని తినేస్తుంది.