ఆకుపచ్చ సీసాలో ఎన్ని పెగ్గులు?

పత్తర్‌గట్టిలో రాతి కమానుల కింద అత్తరు దుకాణాలు పాఠకుల్లో చాలామంది చూసే ఉంటారు. మా ఇంట్లో వాళ్ళకు అక్కడి పన్నీరే కావాలి గనక నెలకోసారి నేనూ ఆ దారిన వెళ్తుంటాను. ఈసారి సీసా కట్టించుకుని దిగుతుండగా, రెండు దుకాణాల అవతల బట్టల కొట్లో లెక్కలు రాసే ఒకాయన ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పదేళ్ళుగా షుగరు వ్యాధి. రోజూ పొద్దున ఒక గ్లిమెపిరైడ్ మాత్ర, రెండు పూటలా మెట్‌ఫార్మిన్ వేసుకుంటాడు. ముఖం వాడిపోయి ఉంది.

"సాబ్, కొరియా సారాయిల ఏం కలుపుతరు?" అన్నాడు.

అసలు సంగతి ఇదీ. కొడుకు సియోల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవుల్లో వస్తూ మూడు చిన్న ఆకుపచ్చ సీసాలు తెచ్చాడు. ఇంట్లో ఆడపిల్లలు కొరియా సీరియళ్ళు చూస్తారు కనక ఆ సీసా వాళ్ళకు కొత్త కాదు. ఈయనకే కొత్త. సీసా మీద పీచ్ పండు బొమ్మ, లోపల తియ్యటి నీళ్ళు, మన సారా వాసన ఏ మాత్రమూ లేదు. శనివారం రాత్రి మిరపకాయ బజ్జీలు నాలుగు నంజుకుంటూ మొత్తం సీసా ఖాళీ చేసి, కడుపు నిండిందని అన్నం మానేసి పడుకున్నాడు.

తెల్లవారుజాము మూడింటికి భార్యకు మెలకువ వచ్చింది. పక్క తడిసిపోయేటట్టు చెమటలు. పిలిస్తే మాట ముద్దముద్దగా వస్తోంది, లేపితే తూలుతున్నాడు, పైగా కసురుకుంటున్నాడు. "తాగింది తలకెక్కిందనుకున్న" అని ఆవిడ తర్వాత నాతో చెప్పింది. మజ్జిగలో నిమ్మకాయ పిండి పట్టించబోయింది. అదృష్టం కొద్దీ కొడుకు లేచి, ఇంట్లో ఉన్న మిషనుతో వేలు గుచ్చి చూశాడు. షుగరు 48! అప్పటికింకా మింగగలిగే స్థితిలో ఉన్నాడు కాబట్టి చక్కెర నీళ్ళు తాగించి ఆస్పత్రికి తీసుకుపోయారు. ఒకటిన్నర రోజు ఉంచుకుని పంపించారట.

ఆయన అనుకున్నట్టు అందులో ఎవరూ ఏమీ కలపలేదు. సీసాలో ఉండవలసిందే ఉంది.

తియ్యటిది తాగితే షుగరు పడిపోవడమేమిటి?

మనం పడుకున్నప్పుడు, అంటే తిండి లోపలికి పోని వేళల్లో, రక్తంలో చక్కెర తగ్గిపోకుండా కాపాడేది కాలేయం. తన దగ్గర నిలవ ఉన్నది కొంత వదులుతుంది, కొంత కొత్తగా తయారు చేస్తుంది. మద్యం లోపలికి వెళ్ళిందా, కాలేయం దాన్ని వదిలించుకునే పనిలో పడి కొత్త చక్కెర తయారుచెయ్యడం తగ్గించేస్తుంది. మరోపక్క గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లైక్లజైడ్ జాతి మాత్రలు అన్నం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను ఊరిస్తూనే ఉంటాయి. ఒకపక్క రాబడి లేదు, ఇంకోపక్క ఖర్చు ఆగలేదు. తాగినదాంట్లోని తీపి మొదటి గంటా రెండు గంటలూ షుగరు పెంచుతుంది, ఆ తర్వాత దాని సాయం ఉండదు. ఇన్సులిన్ సూదులు తీసుకునేవారికీ ఇదే ప్రమాదం.

ఇందులో మోసం ఎక్కడుందంటే, షుగరు పడిపోయిన మనిషీ తాగిన మనిషీ చూడటానికి ఒక్కలాగే ఉంటారు. తూలడం, తడబడే మాట, విసుగు, మగత. చెమట ఒక్కటే కాస్త ఆనవాలు. అంచేత షుగరు మాత్రలు వాడే మనిషి తాగి అలా ఉంటే, మత్తు అనుకుని దుప్పటి కప్పి వదిలేయకండి. ముందు వేలు గుచ్చి చూడండి. మిషను లేకపోతే, మెలకువగా ఉండి మింగగలిగితే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వండి. పావుగంట తర్వాత మళ్ళీ చూడండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో చుక్క కూడా పొయ్యకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. తేరుకున్నాక కూడా ఆస్పత్రిలో చూపించాలి. ఈ మాత్రల ప్రభావం ఒక రోజు దాటి ఉంటుంది, షుగరు మళ్ళీ పడవచ్చు.

అర్ఖ్ నుంచి అరక్‌జు దాకా

ఆ సీసాలోనిది సోజు. కొరియావాళ్ళ జాతీయ మద్యం అనవచ్చు. దాని పుట్టుకకూ నా చేతిలో ఉన్న పన్నీరు సీసాకూ చుట్టరికం ఉందంటే లెక్కల ఆయన నమ్మలేదు. పన్నీరును పత్తర్‌గట్టిలో అర్ఖ్-ఏ-గులాబ్ అంటారు. చార్మినార్ పక్క నిజామియా యునానీ దవాఖానా వైద్యంలోనూ అర్ఖ్‌లు ఉన్నాయి. అరబ్బీలో ఆ మాటకు అర్థం చెమట. బట్టీ మూతకు లోపలివైపు ఆవిరి చల్లబడి చెమటలా బొట్లు కడుతుంది కదా, అదన్నమాట. ఈ బట్టీ విద్యను పదమూడో శతాబ్దంలో మంగోలులు కొరియాకు పట్టుకెళ్ళారు. పేరూ వెంట వెళ్ళింది. కేసాంగ్ నగరంలో సోజును అరక్‌జు అనేవారు. మన అత్తరు దుకాణంలో పన్నీరు అయినదే అక్కడ మద్యం అయింది.

పాతకాలపు సోజు బియ్యంతో కాచినది. అండాంగ్ ఊరి సోజు ఇప్పటికీ 45 శాతం దాకా ఉంటుంది. అయితే 1965లో తిండిగింజల కొరత వల్ల అక్కడి ప్రభుత్వం సారాకు బియ్యం వాడకూడదంది. అప్పుడు కర్రపెండలం, చిలగడదుంప లాంటి వాటి నుంచి తీసిన శుద్ధ మద్యసారంలో నీళ్ళూ తీపీ కలిపి అమ్మడం పెరిగింది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే ఆకుపచ్చ సీసా ఆ సంతతిదే. 1924లో 35 శాతం ఉన్న జిన్రో సోజు తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు 16 శాతం దగ్గరకు వచ్చింది. పండ్ల రుచులవి 12, 13 శాతం. తగ్గింది గదా అని సంతోషించేవారు లెక్క చూడాలి.

లెక్క సులభం. సీసాలో ఎన్ని మిల్లీలీటర్లుంటే దాన్ని శాతంతో గుణించి, నూరుతో భాగించి, మళ్ళీ 0.8తో గుణించండి. వచ్చినన్ని గ్రాముల మద్యసారం అందులో ఉన్నట్టు. మామూలు సోజు సీసా 360 మిల్లీలీటర్లు. 16 శాతమైతే 46 గ్రాములు. మన విస్కీ 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో పది గ్రాములు. అంటే ఒక్క సీసా నాలుగున్నర పెగ్గులు! పీచ్ పండు బొమ్మ ఉన్నది 13 శాతం, అయినా మూడున్నర పెగ్గులకు పైమాటే. జన్మలో మూడు పెగ్గులు ముట్టని మా లెక్కల ఆయన, బొమ్మను చూసి ఒక్క కూర్చోవడంలో అంత తాగాడు. రోజంతా ఇతరుల లెక్కలు సరిచూసే మనిషి!

కాలేయం గంటకు ఏడు నుంచి పది గ్రాములు వదిలించుకుంటుంది. చన్నీళ్ళ స్నానం, కాఫీ దాన్ని తొందరపెట్టలేవు. రాత్రి పదకొండింటికి ఒక సీసా ముగించిన వ్యక్తి తెల్లవారి నాలుగింటికి స్కూటరెక్కితే ఇంకా మద్యం ఒంట్లో ఉన్నట్టే.

కొరియాలో ఎవరి గిన్నె వారు నింపుకోరు. పక్కవారు నింపుతారు, పెద్దలకైతే రెండు చేతులతో పోస్తారు, చిన్నవాళ్ళు మొహం పక్కకు తిప్పి తాగుతారు. చూడ ముచ్చటైన మర్యాదే. కాని ఎన్ని గిన్నెలయ్యాయో లెక్క తప్పిపోతుంది. బీరులో సోజు కలిపి సోమెక్ అని తాగుతారు, అక్కడ లెక్క పూర్తిగా పోతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళకూ ఒక భ్రమ ఉంది. కాలిఫోర్నియాలో బీరు, ద్రాక్షసారా లైసెన్సు మాత్రమే ఉన్న హోటళ్ళు కూడా 24 శాతం మించని సోజు అమ్మవచ్చు. బీరు పక్కన కనిపిస్తే బీరులాంటిదే అనుకుంటారు.

మక్గొల్లి అనేది వేరు. బియ్యానికి నురుక్ అనే గోధుమ బూజు బిళ్ళ కలిపి పులియబెడతారు. తెల్లగా, అడుగున మడ్డితో, పుల్లగా అచ్చం మన కల్లులా ఉంటుంది. సుమారు 6 శాతం. 750 మిల్లీలీటర్ల సీసాలో 36 గ్రాములు, మూడున్నర పెగ్గులు. పేగులకు మంచి సూక్ష్మజీవులు ఉన్నాయని ప్రచారం చేస్తారు. అవే కావాలంటే పెరుగన్నం తినండి, పైగా చవక.

ముఖం ఎర్రబడటం

కొరియా, చైనా, జపాను ప్రజల్లో మూడోవంతుకు పైగా ఒక గిన్నెకే ముఖం కందిపోతుంది. మద్యం విరిగినప్పుడు పుట్టే అసిటాల్డిహైడ్ అనే విషాన్ని అణిచే ఎంజైము వాళ్ళలో బలహీనంగా ఉంటుంది. అది రక్తప్రసరణ బాగుందనడానికి గుర్తు కాదు. అలాంటివారు తాగుతూ పోతే అన్నవాహిక కాన్సరు ముప్పు పెరుగుతుంది. మనలో ఇది అరుదు, కాని ఎవరికైనా ఉంటే వారికీ అదే హెచ్చరిక. ముఖం కందనంత మాత్రాన మిగిలినవారికి మినహాయింపేమీ లేదు. మద్యాన్ని కాన్సరు కారకాల మొదటి వరుసలో 1988లోనే చేర్చారు. ఇంత తాగితే ప్రమాదం లేదు అని చెప్పగలిగిన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది.

గర్భిణులు ఒక్క గిన్నె కూడా తాగకూడదు. క్షయకు మందులు వాడేవారు, నిద్రమాత్రలు, ఫిట్స్ మాత్రలు వేసుకునేవారు దీని జోలికి పోవద్దు. విరేచనాలకిచ్చే మెట్రోనిడజోల్ వాడుతున్నప్పుడూ, ఆపాక మూడు రోజుల దాకానూ తాగవద్దని చెబుతాం. తెల్లవారి తలనొప్పికి పారాసిటమాల్ గుప్పెడు మింగే అలవాటు కాలేయానికి చేటు.

ఇక పాతబస్తీ ఇళ్ళలో గల్ఫ్‌కు వెళ్ళిన మనిషి లేని ఇల్లు తక్కువ. మద్యం నిషిద్ధమైన చోట ఏ సీసా చాటుగా దొరికినా, దాని మీద ఏ దేశపు అక్షరాలున్నా నమ్మకండి. 2025 ఆగస్టులో కువైట్‌లో కల్తీ మద్యం తాగి కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా చనిపోయారు, అందరూ ఆసియావాళ్ళేనని అక్కడి అధికారులు చెప్పారు. 2024 నవంబరులో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో ఆరుగురు విదేశీ యాత్రికులు పోయారు. రెండు చోట్లా కారణం మిథనాల్. దానికి రుచిలో తేడా తెలియదు. పన్నెండు గంటల నుంచి ఒక రోజు దాకా ఏమీ లేనట్టుండి, తర్వాత కడుపునొప్పి, ఆయాసం, కళ్ళ ముందు మంచు తెర పడ్డట్టు మసక మొదలవుతాయి. పోలీసుల భయంతో గదిలో దాక్కుంటే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. వెంటనే ఆస్పత్రికి వెళ్ళి తాగిన మాట దాచకుండా చెప్పాలి. విరుగుడు ఉంది, రక్తశుద్ధి చేస్తారు. ఎంత ముందు వెళితే అంత మేలు.

మొన్న లెక్కల ఆయన భార్యతో కలిసి చూపించుకోవడానికి వచ్చాడు. మాత్ర మోతాదు తగ్గించి రాశాను. బీరువాలో ఇంకా రెండు సీసాలున్నాయట.

"ఒకటి నాకొద్దు. కొడుకు తాగొచ్చునా సాబ్?" అన్నాడు.

"వాడికి షుగరు ఉందా?"

"ఎప్పుడూ చూపించలేదు."

"అయితే రేపు పరగడుపున తీసుకురా, చూద్దాం" అన్నాను. ఆవిడ మాత్రం రెండు సీసాలూ అప్పుడే తూములో పోసేసిందట. ఆ సంగతి గది బయటికి వచ్చాక నాతో చెప్పింది.