నాలుగు నిమిషాల విందు

స్కాలప్‌ని పులుసు పెట్టకండి. అల్లంవెల్లుల్లి పట్టించి, కారం దట్టించి వేపుడూ చేయకండి. అమెరికాలో, బోస్టన్‌లోనో ఎడిసన్‌లోనో, చేపల కౌంటర్ దగ్గర లేతరంగులో గుండ్రంగా మెరిసే ఆ ముక్కల్ని కొని ఇంటికి తెచ్చాక, మన చెయ్యి ముందు చింతపండు వైపే వెళ్తుంది. కానీ పులుసు మరిగేసరికి ముక్క బిగుసుకుపోతుంది. ఉన్న కాస్త తీపీ చింతపండులో కలిసిపోతుంది. అంత ఖరీదు పెట్టి కొన్నందుకు మిగిలేది నిట్టూర్పే.

ఇది ఆల్చిప్పల కుటుంబానికి చెందిన జీవే. అయితే బండకి అతుక్కునో, ఇసుకలో కూరుకునో బతుకంతా గడిపేసే రకం కాదు. రెండు చిప్పల్నీ టపటపా మూస్తూ, నీళ్లు వెనక్కి చిమ్మి ఈదుతుంది. చిప్పల అంచు వెంబడి రెండు వందల దాకా చిట్టి కళ్లు ఉంటాయి. ఒక్కో కంటి లోపల అద్దంగా పనిచేసే పొర ఒకటి. మనం తినేది ఆ చిప్పల్ని చటుక్కున మూసే కండనే. దాని తీపికి గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఒక కారణం. ముక్క పక్కన చిన్న పట్టీలా మరో కండ అంటుకుని ఉంటుంది. మూసిన చిప్పల్ని బిగించి పట్టి ఉంచేది అదే. ఎంత వండినా మెత్తబడదు కనుక వేలితో లాగి తీసేయాలి.

రుచి కన్నా నాకు గొప్పగా అనిపించేది ఈ ప్రాణి మళ్లీ పుంజుకున్న తీరు. మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్ ఒకప్పుడు తిమింగలాల వేటకు పేరుమోసిన రేవు. సరుకు విలువలో అది ఏళ్లపాటు అమెరికా రేవులన్నిటికన్నా ముందు నిలిచిందంటే, ఆ ఘనత ప్రధానంగా స్కాలప్‌దే. కానీ 1990ల ఆరంభంలో అక్కడ వలకి చిక్కేవే తగ్గిపోయాయి. 1994 చివర్లో కాడ్, హాడక్ చేపల్ని కాపాడటానికి జార్జెస్ బ్యాంక్ అనే చేపల వేట స్థలంలో పెద్ద ప్రాంతాలు మూసేశారు. స్కాలప్ పడవలకూ అక్కడ దారి లేకుండా పోయింది. కొన్నేళ్లు గడిచేసరికి ఆ మూసిన చోట స్కాలప్‌లు విస్తారంగా పెరిగాయి. డార్ట్‌మత్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కెవిన్ స్టోక్స్‌బరీ బృందం జాలర్ల పడవల మీదే వెళ్లి, సముద్రపు అడుగుకి కెమెరాలు దించి వాటిని లెక్కపెట్టింది. 2004 నుంచి వంతుల పద్ధతి అమలవుతోంది. పిల్ల స్కాలప్‌లు ఎక్కువగా ఉన్న చోటుని, పొలం బీడు పెట్టినట్టు, కొన్నాళ్లు వదిలేసి ఎదిగాక తెరుస్తారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట ఆపే మన కాకినాడ, విశాఖ జాలర్లకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు.

ఇక కొనేటప్పుడు చూడాల్సింది. నీటి నుంచి తీసిన స్కాలప్ ఎక్కువసేపు బతకదు. అందుకే పడవ మీదే చిప్ప ఒలిచి, కండని మంచులో పెడతారు. కొన్ని చోట్ల ఆ తర్వాత దాన్ని సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ కలిపిన నీళ్లలో నానబెడతారు. ముక్క నీరు పీల్చి బరువెక్కుతుంది. మీరు ఆ నీటికీ డబ్బు కడతారు. పెనం మీద ఆ నీరంతా బయటికొచ్చి ముక్క వేగదు, ఉడుకుతుంది. తిన్నాక నాలుక మీద సబ్బు రుచి మిగులుతుంది. నానబెట్టని సరుకుని ‘డ్రై’ స్కాలప్ అంటారు. అది దంతం రంగులోనో, కాస్త గులాబీ చాయలోనో ఉంటుంది. అన్నీ ఒకే రీతిలో పాలిపోయినంత తెల్లగా ఉండి, అడుగున పాలనీళ్లు చేరి ఉంటే అనుమానించండి. ‘యు-10’ అని రాసి ఉంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, పదిలోపే తూగుతాయని అర్థం. తొలిసారి వండేవాళ్లకి ఆ పెద్దవే మేలు. లోపల ముదరకముందే పైన ఎర్రబడతాయి.

గడ్డకట్టినవైతే రాత్రంతా ఫ్రిజ్‌లో కరగనివ్వాలి. పొడిగుడ్డ మధ్య పెట్టి, తడి పూర్తిగా పోయేదాకా ఒత్తాలి. అసలు వంట ఇక్కడే ఉంది. తడి ఉన్నంతవరకూ పెనం వేడంతా ఆవిరికే ఖర్చయిపోతుంది, రంగు రాదు. ఇనుప పెనం బాగా కాలాక చెంచాడు వేరుశెనగ నూనె వేసి, అప్పటికప్పుడు ఉప్పు చల్లిన ముక్కల్ని ఎడమెడంగా పేర్చాలి. చుర్రుమనాలి. అనకపోతే తీసేసి పెనాన్ని మళ్లీ కాల్చండి. రెండు నిమిషాలు కదపొద్దు. అడుగు ముదురు బంగారు రంగుకి తిరిగాక తిప్పి, వెన్న ముద్ద, నాలుగు కరివేపాకులు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు వేయాలి. కరిగిన వెన్నని గరిటెతో ముక్కల మీద పోస్తూ మరో నిమిషమో, నిమిషంన్నరో. లోపల గాజులా కనిపించే కండ తెల్లబడి, వేలితో నొక్కితే తిరిగి లేచిందంటే దించేయాలి.

నిమ్మకాయ పిండి, ముద్దపప్పు కలిపిన వేడన్నం పక్కన తినండి. కారం వద్దు, గరంమసాలా అసలే వద్దు. రొయ్యలో, నత్తగుల్లలో పడనివాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం ముందు వైద్యుణ్ని అడగండి. మిగతావాళ్లు చేపల కౌంటర్ దగ్గర మొహమాటపడకుండా ఒక్క ప్రశ్న వేయండి: ఇది డ్రై స్కాలపేనా? సూటిగా జవాబు రాకపోతే ఆ రోజుకి రొయ్యలు కొనుక్కోండి.